కృష్ణకుమారి పట్టుకెళ్ళిన గంగాళం

అమెరికాలోని ప్లేనో ఊళ్ళో సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూకెళ్ళే తెలుగు పెద్దవాళ్ళందరికీ కృష్ణకుమారే పంతులమ్మ. బుధవారం బుధవారం లైబ్రరీ గదిలో పదిమందిని కూర్చోబెట్టి, అమెరికా చరిత్రంతా పక్కింటి గొడవ చెప్పినట్టు చెప్పేస్తుంది. మనసు వెన్నే, కానీ పంతం పట్టిందంటే మాత్రం బ్రహ్మదేవుడు దిగొచ్చినా వినదు.

ఆ పంతమే ఆరేళ్ళ కిందట కొంప ముంచింది. ఊళ్ళో తెలుగు సంఘానికి ఎలక్షన్ పెడితే ప్రెసిడెంట్‌గా శ్రీవల్లి గెలిచింది, ఈవిడ ఓడింది. పాతికేళ్ళ స్నేహం వాళ్ళది. ఒకరి పిల్లలు ఇంకొకరింట్లో అన్నం తిని పెరిగారు. అయినా సరే, లెక్కింపులో మోసం జరిగిందంటూ తనవాళ్ళని వెంటేసుకుని ఈవిడ వేరు సంఘం పెట్టేసింది. పోతూ పోతూ, అందరూ కలిసి ఇండియా నుంచి తెప్పించుకున్న ఉగాది పచ్చడి గంగాళాన్ని కార్లో వేసుకుపోయింది. అప్పట్నుంచి ఒకే ఊళ్ళో, ఒకే రోజున రెండు ఉగాదులు. గుళ్ళో ఎదురుపడితే ఇద్దరూ మొహాలు తిప్పుకోవడమే.

అలాంటిది ఒక బుధవారం శ్రీవల్లి వచ్చి వెనక వరసలో కూర్చుంది. ఇండియా పాస్‌పోర్టు చచ్చినా వదలనన్న మనిషి, మనవరాలు పుట్టాక మనసు మార్చుకుని అప్లై చేసిందట. మొదటి ఇంటర్వ్యూలో భయానికి నోరు పెగల్లేదు. పది రోజుల్లో రెండోది. అదీ పోతే మళ్ళీ మొదట్నుంచి అప్లై చేసుకోవాలి. ఎంత మథనపడి ఆ గుమ్మం తొక్కిందో పాపం!

ఆ రోజు పాఠం తొలినాటి పార్టీల గురించి. దేశం పుట్టి పట్టుమని పాతికేళ్ళు కాకుండానే రెండు పార్టీలయ్యాయని కృష్ణకుమారి మొదలుపెట్టింది. ఒకరు ఇంగ్లండ్ వైపు, ఇంకొకరు ఫ్రాన్స్ వైపు. ఎవరి పేపర్లు వాళ్ళవి, ఎవరి తిట్లు వాళ్ళవి. పద్దెనిమిది వందల సంవత్సరం ఎలక్షన్‌కి దేశం ముక్కలైపోతుందనే భయపడ్డారట. ఓడిన ప్రెసిడెంట్, కోపం కదా మరి, కొత్తాయన ప్రమాణానికి కూడా ఆగకుండా తెల్లారకముందే బండెక్కాడు. కానీ కుర్చీ వదిలేశాడు, దేశం నిలబడింది.

వెనక నుంచి శ్రీవల్లి మెల్లిగా అడిగింది. "వెళ్తూ వెళ్తూ ఏమీ పట్టుకెళ్ళలేదా?"

అందులో ఎత్తిపొడుపు ఉందో లేదో గానీ, కృష్ణకుమారి తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది. గంగాళం గుర్తొచ్చింది. సిగ్గుతో చచ్చిపోయింది.

ఆ మిగిలిన పది రోజులూ రోజూ గంటసేపు ఫోన్ చేసి శ్రీవల్లిని ఇంటర్వ్యూ ప్రశ్నలడిగింది. పాత సంగతి ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

ఇంటర్వ్యూ పాసై శ్రీవల్లి బయటికొచ్చేసరికి, పార్కింగ్‌లో కృష్ణకుమారి కారు డిక్కీ తెరిచి నిలబడి ఉంది. లోపల తోమి తళతళలాడుతున్న గంగాళం.

"మోసమేం జరగలేదే వల్లీ. ఓడిపోయానని ఏడుపొచ్చి అలా అన్నాను."

శ్రీవల్లి కళ్ళు తుడుచుకుంది. ఒక పక్క కడియం పట్టుకుని ఎత్తబోయింది, కదల్లేదు.

"నా ఒక్కదాని వల్ల కాదు కుమారీ. అటు నువ్వు పట్టు."