చల్లటి గాజు, చీకటి గది

తెలంగాణ రైతుల సాయుధ పోరాటాన్ని అణచడానికి జనగామ వైపు ఊళ్ల మీద పటాలాలు పడుతున్న రోజుల్లో నేను మద్రాసులో పరిశోధన చేస్తున్నాను. ఈథర్, ఆల్కహాల్ కలిపి, అందులో చిటికెడు సేంద్రియ పదార్థం కరిగించి, ద్రవంగా మార్చిన గాలిలో ముంచేవాణ్ణి. ఆ చలికి అది మంచులా తెల్లబడదు. తేటగా, గాజులా బిగుసుకుంటుంది. దాని మీద అతినీలలోహిత దీపం వేసి ఆర్పితే, లోపల చిక్కుకున్న అణువులు తాము పీల్చుకున్న వెలుగును మెల్లగా వదిలేవి. ఆ వెలుగును రంగులుగా విడదీసి ఫొటో పలక మీద పట్టడమే నా పని.

ఒక మధ్యాహ్నం మా అక్క మహబూబాబాద్ నుంచి రైల్లో వచ్చింది. బావ దళంలో కలిసి భూపాలపల్లి అడవుల్లోకి పోయాడు. అతన్ని కాల్చేశారని, శవాన్ని అక్కే గుర్తుపట్టిందని నాకప్పటికే కబురందింది. బోసి చేతులతో ఉన్న ఆమెను ఒంటరిగా వదల్లేక ప్రయోగశాలకు తీసుకుపోయాను.

కిటికీలు మూసి, దీపం వేసి ఆర్పాను. గొట్టంలో నీలిపచ్చ వెలుగు నిలిచింది.

“దీపం ఆర్పినవ్ గద తమ్మీ, గిదేంది?”

నేను జవాబిచ్చేలోపే గొట్టంలో గాజులా బిగిసిన ద్రవం ఠప్పున పగిలింది. అక్క నా భుజం గట్టిగా పట్టుకుంది. వెలుగు సన్నగిల్లి పూర్తిగా చీకటైంది.

“వాడు మీ బావ కాదు” అంది.

“ఎవరక్కా?”

“నాకు సూపెట్టిన శవం. మొఖం లేదు. అయినా నా మొగడే అని మీదపడి ఏడ్సిన. గట్లన్న ఆయన్ని ఎతుకుడు ఆపుతరని.”

“మరి బావ?”

“బతికే ఉన్నడు. గని గా సచ్చినోడు రోజూ కలలకొస్తున్నడు. నన్నెందుకు నీ మొగణ్ని జేసినవ్ అంటడు.”

మళ్లీ దీపం వేయడానికి నాకు చెయ్యి రాలేదు.

పోరాటం ఆగాక బావ తిరిగొచ్చాడు. పిల్లలు అతన్ని చూసి తలుపుల చాటుకు ఉరికారు. పెద్దవాళ్లు అతని నీడ పడుతోందా అని నేల వైపు చూశారట. అక్క మాత్రం బొట్టు పెట్టుకోలేదు. “గా సచ్చినాయన మనుషులు దొరకనీ” అంది.

అక్కా బావా ఆ శవం ఎవరిదోనని ఊరూరా అడుగుతూ తిరిగారు. గార్ల దగ్గర ఒక తండాలో ఒక ముసలమ్మ కొడుకు కూడా ఆ అడవికే పోయి తిరిగి రాలేదు. చనిపోయింది అతనే అనడానికి రుజువేమీ లేదు. అక్క అంతా చెప్పింది.

“నా కొడుకును పట్టుకొని ఎవరన్న ఏడ్సిండ్రా బిడ్డా?” అని అడిగింది ముసలమ్మ.

“నేనేడ్సిన అవ్వా.”

ముసలమ్మ లేచి పొయ్యి రాజేసింది. ఇద్దరికీ జొన్నరొట్టెలు పెట్టి, తినేదాకా పక్కనే కూర్చుంది.