కేబుల్ టీవీ చూసి గోలీలు ఆపేశాను

ఆ రోజు మా ఇంట్లో శ్రావణ శుక్రవారం పేరంటం. చాప మీద కూర్చుని, వచ్చినవాళ్ళకు తాంబూలాలు ఇచ్చి లేవబోయాను. లేవలేకపోయాను. నొప్పేమీ లేదు. తొడల్లో బలమే లేదు. అరచేతులు నేలకు ఆన్చి నెట్టుకున్నా నడుము పైకి రాలేదు. పక్కింటావిడ చంకల కింద చేతులు వేసి లేపింది.

"ఏందే సుజాతా, గింతగనం ఊరినవ్? మీ ఆయన వసూలు చేసే కేబుల్ పైసలన్నీ నీ నోట్లోకేనా?" అందామె.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. లావైతే ఆయాసం వస్తుందని తెలుసు. కాళ్ళలో సత్తువ కూడా పోతుందా? ఎవరిని అడగాలో తెలియలేదు. అడిగితే మళ్ళీ నవ్వుతారు.

మాది పెనుబల్లి. మా ఆయన అప్పట్లో కేబుల్ టీవీ నడిపేవాడు. డాబా మీద పెద్ద డిష్షులు, ఇంటి పక్క గదిలో రిసీవర్లు, ఏ చానల్ సరిగా వస్తోందో చూసుకోవడానికి ఒక చిన్న టీవీ ఉండేవి. అంతకుముందు ఏడాది చికున్ గున్యా ఊరూరా తిరిగింది. మా ఇంట్లో అందరికీ తగ్గింది గానీ నా కీళ్ళు మాత్రం పట్టేసినట్టే ఉండిపోయాయి. పొద్దున లేస్తే చెంబు పట్టుకోవడానికి వేళ్ళు ముడుచుకునేవి కావు. ఇంటికొచ్చి సూది వేసే ఆర్ఎంపీ, కాగితంలో చుట్టి చిన్న చిన్న తెల్ల గోలీలు ఇచ్చాడు.

"ఇది ఒక్కటేస్కో వదినా. రేపటికల్లా పొయ్యి కాడ నిలబడతవ్" అన్నాడు.

నిజంగానే నిలబడ్డాను. అంత బాగా పనిచేసే మందును ఎవరు మానతారు? అయిపోయినప్పుడల్లా తెప్పించుకునేదాన్ని. ఆకలి బాగా పెరిగింది. జబ్బు తగ్గాక ఆకలి పుట్టడం మంచిదే అనుకున్నాను. కొన్ని నెలలకు ముఖం గుండ్రంగా ఉబ్బింది. పొట్ట ముందుకొచ్చింది. మెడ వెనక మెత్తగా ఒక దిబ్బలాగా లేచింది. స్నానం చేస్తుంటే పొట్ట మీద ఊదారంగు చారలు కనిపించేవి. గాజు తగిలినా చేతి మీద నల్లగా కమిలేది. అద్దం చూసుకోవడం మానేశాను.

పేరంటం తర్వాత సత్తుపల్లిలో ఒక డాక్టరుకు చూపించుకున్నాను. రక్తం తీసి పంపారు. ఆయన రిపోర్టు చూస్తూనే చెప్పాడు: "థైరాయిడ్ నార్మల్. షుగర్ బార్డర్‌లో ఉంది. బీపీ ఎక్కువుంది. వెయిట్ తగ్గాలమ్మా. నోరు కట్టేసుకోవాలి." బీపీ గోలీ రాసిచ్చాడు. కీళ్ళ నొప్పుల గోలీల సంగతి ఆయన అడగలేదు. అది చెప్పాల్సిన విషయమని నాకు తోచలేదు. ఊళ్ళో సగం మంది వేసుకునే గోలీయే కదా.

ఇంటికి రాగానే అత్తమ్మ అడిగింది, "ఏమన్నడు డాక్టరు?"

"తిండి తగ్గించమన్నడు అత్తమ్మా."

"నేను చెప్తే ఇనవైతివి. ఆయనకు పైసలిచ్చి చెప్పించుకున్నవ్."

ఆ రోజుల్లోనే మధ్యాహ్నాలు పని అయ్యాక రిసీవర్ల గదిలో చిన్న టీవీ ముందు కూర్చుని లావు మనుషుల కార్యక్రమాలు చూడటం మొదలుపెట్టాను. నాకు ఇంగ్లీషు రాదు. అది అమెరికాది, ఇది ఇంగ్లండుది అని మా ఆయన చెప్పేవాడు. మిగతాది అర్థం కావడానికి భాష అక్కర్లేదు.

అమెరికా దాంట్లో లావుగా ఉన్నవాళ్ళను చొక్కా విప్పించి పెద్ద కాటా మీద నిలబెట్టేవారు. కండలు తిరిగిన మనిషి ఒకడు వాళ్ళ మొహం మీద మొహం పెట్టి అరిచేవాడు. వాళ్ళు పరుగెత్తేవారు, వాంతులు చేసుకునేవారు, ఏడ్చేవారు. బరువు తగ్గితే చప్పట్లు, తగ్గకపోతే ఇంటికి. ఇంగ్లండు వాళ్ళు అంత అరిచేవారు కాదు. ఒక మనిషి వారంలో తిన్నదంతా బల్ల మీద గుట్టగా పోసి, దొంగసొత్తు దొరికినట్టు ఆ మనిషిని పక్కన నిలబెట్టేవారు. ఆమె తలొంచుకునేది. బొంబాయిలో తీసిన హిందీ కార్యక్రమంలో అరుపులూ లేవు, బల్లా లేదు. నవ్వులుండేవి. లావు కోడలు కుర్చీలో కూర్చోబోతే వెనక నుంచి ఏదో విరిగిన చప్పుడు. అత్తగారు పగలబడి నవ్వేది. ఒక దేశంలో తిట్టేవారు, ఒక దేశంలో బోనెక్కించేవారు, మన దేశంలో ఎగతాళి చేసేవారు. తప్పు మాత్రం అన్ని దేశాల్లోనూ ఆ మనిషిదే.

ఒక్క సంగతి మాత్రం నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. ఆ టీవీల్లో చాలామందికి చేతులూ కాళ్ళూ కూడా లావే. నా చేతులు మాత్రం పుల్లల్లా ఉండేవి. లావంతా ముఖంలో, పొట్టలో, మెడ మీద. మా ఆయనకు చూపించాను.

"అందరూ ఒక్కలెక్కనే లావైతరా?" అన్నాడు.

కొన్నాళ్ళకు తెలుగులోనూ అలాంటిదే ఒకటి మొదలుపెడుతున్నారనీ, మనుషులను ఎంచుకోవడానికి ఖమ్మం వస్తున్నారనీ మా ఆయనకు కబురొచ్చింది. "ట్రైనింగ్, తిండి అంతా వాళ్ళే చూసుకుంటరట. నీ మంచికే చెప్తున్న" అన్నాడు. ఆయన గొంతులో వెక్కిరింత లేదు, భయం ఉంది. నేను మెట్లెక్కలేకపోవడం రోజూ చూస్తున్న మనిషి.

ఖమ్మంలో ఒక ఫంక్షన్ హాలు. లావు ఆడవాళ్ళమంతా కుర్చీల్లో వరసగా కూర్చున్నాం. నా పక్కన వేంసూరు నుంచి వచ్చిన రమణమ్మ అనే ఆవిడ ఉంది. "మా పిల్లలు ఇస్కూలుకు రావద్దంటున్నరు. గందుకే వచ్చిన" అంది. నన్ను లోపలికి పిలిచి జిలేబీల పళ్ళెం చేతిలో పెట్టారు.

"ఒకటి కొరికి కెమెరా వైపు చూడండమ్మా. కళ్ళల్లో నీళ్ళొస్తే ఇంకా మంచిది."

"నేను జిలేబీ తిననండీ."

"తింటారా లేదా అని కాదమ్మా. చూసేవాళ్ళకు కారణం కనబడాలి."

కొరికాను. ఏడవాలని అనుకోకుండానే ఏడుపొచ్చింది. వాళ్ళకు నచ్చింది. నన్ను తీసుకుంటామన్నారు. షూటింగు మొదలయ్యే లోపు ఒళ్ళు శుభ్రం చేసుకోవాలని ట్రైనర్ చెప్పాడు. పండ్ల రసాలు, మజ్జిగ, పొద్దునా సాయంత్రం నడక. "ఒంట్లో విషాలు పేరుకుపోయినయి. ఇంగ్లీషు మందులన్నీ బంద్ పెట్టాలి" అన్నాడు. మరునాటి నుంచి బీపీ గోలీ మానేశాను. నొప్పుల గోలీ కూడా మానేశాను.

వారం తిరక్కముందే ఒళ్ళంతా పీకుళ్ళు మొదలయ్యాయి. వాంతులు, కడుపులో నొప్పి, నిలబడితే కళ్ళు బైర్లు కమ్మడం. ఫోన్ చేస్తే ట్రైనర్ సంతోషించాడు. "అది విషం బయటికి పోవడమమ్మా. గట్టిగా ఉండండి" అన్నాడు. బరువు తగ్గుతోంది కూడా. టీవీలో వాళ్ళూ ఇలాగే వాంతులు చేసుకున్నారు కదా, చివర్లో చప్పట్లు కొట్టించుకున్నారు కదా అని పళ్ళు బిగపట్టాను.

ఆ స్థితిలోనే అక్క కూతురు ఓణీల ఫంక్షన్‌కు వెళ్ళాను. అక్క వాళ్ళుండేది భద్రాచలం దాటాక, దుమ్ముగూడెం వైపు అడవి పక్క ఊరు. బావ అక్కడ ఆశ్రమ పాఠశాలలో వార్డెన్. ఫంక్షన్ రోజు పొద్దున పూలు కడుతూ పందిట్లో ఒరిగిపోయాను. మాటలు వినబడుతున్నాయి, జవాబు చెప్పడానికి నోరు తిరగడం లేదు. ఎవరో "ఉపాసమున్నదేమో, నిమ్మకాయ నీళ్ళియ్యుండ్రి" అన్నారు. ఆ నీళ్ళూ వాంతి అయ్యాయి. అక్క నా చెయ్యి పట్టుకుని అరిచింది: "చల్లగైతుంది, జల్దీ జీపు తెమ్మనుండ్రి!"

జీపులో నా తల అక్క ఒళ్ళో, కాళ్ళు హాస్టల్లో వంట చేసే ఆవిడ ఒళ్ళో. ఆమె కోయ భాషలో ఏదో అంటూ నా అరికాళ్ళు రుద్దుతూనే ఉంది. బయట చెట్లు, చెట్లు, చెట్లే. ఫోన్ కలవదు. నేను చచ్చిపోతానని అనుకున్నాను. సిగ్గుగా కూడా అనిపించింది. లావు తగ్గబోయి చచ్చిపోయిందంటారు. మా చిన్న కూతురికి అప్పటికి జడ వేసుకోవడం కూడా రాదు.

భద్రాచలం దవాఖానాలో ఒక లేడీ డాక్టర్ డ్యూటీలో ఉంది. చిన్న వయసే. బీపీ చూసింది, మళ్ళీ చూసింది. "బీపీ రికార్డ్ కావట్లేదు, సెలైన్ ఫాస్ట్‌గా పెట్టండి" అంది. నా ముఖం చూసింది, చేతులు పట్టి చూసింది, చీర తప్పించి పొట్ట మీద చారలు చూసింది.

"ఏం గోలీలు వాడుతున్నారమ్మా?"

"ఇప్పుడేం వాడతలేను మేడమ్."

"ఇప్పుడు కాదు. ముందు ఏం వాడారు? ఎప్పుడు ఆపారు?"

అన్ని నెలల్లో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆమె. మాట తడబడుతుంటే మిగతాది అక్క చెప్పింది. చికున్ గున్యా, కాగితం పొట్లాలు, తెల్ల గోలీలు, టీవీ వాళ్ళు ఆపమనడం. "స్టెరాయిడ్ అయ్యుంటుంది. ఒక్కసారిగా ఆపేశారు, అడ్రినల్ క్రైసిస్" అని నర్సుతో అంటూ హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ రాసింది. మధ్యాహ్నానికి కళ్ళు తెరిచి కాఫీ అడిగానట. నాకు గుర్తు లేదు. అక్క ఇప్పటికీ చెబుతుంది.

అక్కడి నుంచి ఖమ్మం పంపారు. కార్టిసాల్ టెస్టు చేసిన పెద్ద డాక్టరు మా ఆయనకు ఓపిగ్గా వివరించాడు. "కిడ్నీల మీద చిన్న గ్రంథులుంటాయి. ఒంటికి కావాల్సిన స్టెరాయిడ్‌ను, అంటే కార్టిసాల్‌ను, అవే తయారుచేస్తాయి. బయటి నుంచి స్టెరాయిడ్ రోజూ వస్తుంటే అవి పని మానేస్తాయి. బయటిది ఒక్కసారిగా ఆపితే లోపలా లేదు, బయటా లేదు. ఈమె ముఖం, పొట్ట, కాళ్ళ నీరసం అన్నీ ఆ గోలీల వల్లే. తిండి వల్ల ఇంతగా రాదు."

మా ఆయన నా మంచం పట్టె మీద చెయ్యి వేసి, "పేరంటం నాడు గుమ్మం కాడ నిలబడి నేను సుత నవ్విన" అన్నాడు.

నేను అక్కడుండగానే కార్యక్రమం వాళ్ళు ఫోన్ చేశారు. దవాఖానాలో ఉందని చెబితే అవతలి మనిషి గొంతు మారింది. "అయ్యో. కెమెరా పంపమంటారా? హాస్పిటల్ సీన్ చాలా ఎమోషనల్‌గా ఉంటుంది." మా ఆయన, "పంపితే కాళ్ళిరగ్గొడ్త" అని పెట్టేశాడు.

డాక్టరు రాసిన స్టెరాయిడ్ గోలీ ఇంకా వేసుకోవాలి, కానీ మెల్లమెల్లగా తగ్గించుకుంటూ రావాలి. ఆ నెలలు అన్నిటికంటే భయంగా గడిచాయి. డోసు తగ్గించినప్పుడల్లా కీళ్ళు మళ్ళీ పట్టేసేవి, మనసు చెడిపోయేది, కారణం లేకుండా ఏడ్చేదాన్ని. పొద్దున మంచం మీద నుంచి కాళ్ళు కింద పెట్టడానికే భయం, ఇవాళ నిలబడతానా లేదా అని. వానాకాలంలో మలేరియా వచ్చింది. జ్వరమొస్తే డోసు డబుల్ చేయాలని డాక్టరు చెప్పే ఉన్నాడు. అసలు స్టెరాయిడ్ పేరు వింటేనే వణుకు పుట్టి నేను పెంచలేదు. మళ్ళీ వాంతులు, మళ్ళీ ఖమ్మం, మళ్ళీ సెలైన్. "ఈ మందు మీకు శత్రువూ కాదు, చుట్టమూ కాదమ్మా. చెప్పినట్టు వాడితే చాలు" అని ఆయన మందలించాడు.

ఏడాది దాటాక కార్టిసాల్ నార్మల్‌కు వచ్చింది. ముఖం దిగింది. చారలు తెల్లబడ్డాయి. ఇప్పుడు నేల మీద కూర్చుని చేతులు ఆన్చకుండా లేస్తాను. పూర్తిగా సన్నబడలేదు. షుగర్ మిగిలింది, దానికి గోలీ వాడుతున్నాను. పేరంటాలకు వెళితే "పాపం, జబ్బట, మనమే అనరాని మాటలన్నం" అంటున్నారు.

ఆ తెలుగు కార్యక్రమం వచ్చింది. జనం అడుగుతారు కాబట్టి మా కేబుల్‌లోనూ వచ్చింది. రమణమ్మ అందులో ఉంది. జిలేబీ తింటూ ఏడ్చింది. ఆమె అడుగు వేసినప్పుడల్లా డప్పు చప్పుడు వేశారు. నాకు నిద్ర పట్టలేదు. ఈమె కూడా ఏవో గోలీలు మింగుతోందేమో, వీళ్ళు ఆపించారేమో అని ఒకటే దిగులు. మా ఆయన వేంసూరు కేబులాయన ద్వారా నంబరు సంపాదిస్తే ఫోన్ చేశాను. నా కథంతా చెప్పి, నొప్పులకు గానీ ఆయాసానికి గానీ ఏమైనా వాడుతున్నావా అని అడిగాను.

ఆమె అంతా విని అంది: "నాకే జబ్బూ లేదక్కా. కాన్పులైనంక ఊరిన. తింట, పని చేస్త, మళ్ళ తింట. నీకంటే జబ్బని తేలింది, జనం ఊకున్నరు. నాకు తేలనీకి ఏం లేదు. గట్లని నన్ను గట్ల ఆడిపిస్తరా?"

జబ్బని రుజువు చూపించాకే మనుషులు నన్ను మనిషిగా చూశారు. రుజువు లేని రమణమ్మ ఇంకా ఆ తిండిగుట్టల బల్ల పక్కనే నిలబడి ఉంది. లావు వెనక జబ్బున్నా లేకపోయినా మనిషిని ఏడిపించకూడదని నాకు చెప్పింది ఏ డాక్టరూ కాదు, ఆమే.

ఇది చదివేవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. నొప్పులకో ఆయాసానికో పేరు లేకుండా పొట్లంలో ఇచ్చే గోలీ మీ ఇంట్లో ఎవరైనా వాడుతుంటే, దాన్ని మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి. ఆపమని టీవీలో ఎంత పెద్దమనిషి చెప్పినా ఆపకండి. మిగిలిన గోలీలను ఉన్నవి ఉన్నట్టే పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఆయన అడగకపోయినా, బల్ల మీద ఆయన ముందు పెట్టండి.