నిట్టాడి పట్టుకున్న నాయకుడు

ఆ రోజుల్లో లోకంలో ఏ కష్టం వచ్చినా దానికి మందు మా శాఖా గ్రంథాలయంలో ఏదో ఒక బీరువాలో ఉండే ఉంటుందని నా గట్టి నమ్మకం. (ఆ బీరువా తాళంచెవి ఎప్పుడూ దొరికేది కాదు, అది వేరే సంగతి.) పదో తరగతి గట్టెక్కలేక సారపాక కాగితం మిల్లులో కాంట్రాక్టు కింద లారీల నుంచి వెదురు దించే పనిలో చేరినవాణ్ణి. షిఫ్టు దిగగానే ఒళ్లు కడుక్కుని నేరుగా లైబ్రరీకి పోయేవాణ్ణి. దేశదేశాల పాదయాత్రల గురించి, సత్యాగ్రహాల గురించి చదివి, మర్నాడు తోటి కూలీలకు అడక్కపోయినా చెప్పేవాణ్ణి. అలా నా పేరే ‘లైబ్రరీ’ అయిపోయింది. “ఓ లైబ్రరీ, జర ఆ కట్ట పట్టరాదు” అనేవాళ్లు. నేను దాన్ని బిరుదుగానే తీసుకున్నాను.

అలాంటి నా చదువుకు ఒకనాడు నిజంగా పని పడింది. మా పెద్దమ్మా, మరికొన్ని కూలీల కుటుంబాలూ రోడ్డు పక్కన గుడిసెలు వేసుకుని ఉండేవాళ్లు. రోడ్డు వెడల్పు చేస్తున్నాం, వానలు పడేలోగా లేవండి అని సర్కారువాళ్లు చెప్పిపోయారు. లేచి ఎక్కడికి పోవాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. పెద్దమ్మ కోడలికి నెలలు నిండుతున్నాయి. “పురుడు రోడ్డు మీద పొయ్యాల్నా ఏందిరా?” అని పెద్దమ్మ అడిగేసరికి, నేను చదివిందంతా ఒక్కసారిగా నాలో లేచి నిలబడింది.

“మండలాఫీసుకు నడుద్దాం. రాయి ఎత్తొద్దు, ఎవర్నీ తిట్టొద్దు. మన కష్టం చూడంగనే తెల్వాలె. గుర్తుగా ఒక గుడిసెను ముందర పట్టుకపోదాం” అన్నాను.

నా ఉద్దేశం వెదురు పుల్లలతో చేసిన బొమ్మ గుడిసె. పుస్తకాల్లో అలాగే ఉంటుంది. కానీ మావాళ్లకు గుడిసె మోయడం కొత్త కాదు. జాగా మారినప్పుడల్లా తడకలు విప్పేసి, గడ్డి కప్పును విడదీయకుండా అలాగే ఎత్తుకుపోవడం మా దగ్గర మామూలు. మర్నాడు పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఉపన్యాసం కంఠతా పట్టి నేను వచ్చేసరికి పెద్దమ్మ గుడిసె ప్రయాణానికి సిద్ధంగా ఉంది.

“పెద్దమ్మా, నేనన్నది బొమ్మ గుడిసె!”

“నిజంది ఉండంగ బొమ్మదెందుకురా? మనం లేకుండ చూసి దీన్ని పీకేస్తే? నువ్వు పొడుగున్నవ్, నడిమి నిట్టాడి నువ్వు పట్టు.”

“నేను ముందర నడవాలె. నినాదాలియ్యాలె!”

“లోపట్నుంచి ఇయ్యి. నీ నోరు గడ్డికి ఆగేదా?”

అలా పాదయాత్ర నాయకుణ్ణి పాదయాత్ర మొదలుకాకముందే గుడిసె కింద మాయమైపోయాను. మూలమూలకూ గుంజలు పట్టుకున్న మనుషులు, నడుమ కప్పు బరువంతా మోసే నిట్టాడి గుంజను పైకెత్తి పట్టుకుని నేను. చూరు నడుముల దాకా దిగి ఉండటంతో నాకు కనిపించిన ఉద్యమమంతా మడమలే. అది చాలదన్నట్టు కప్పుకు వేలాడే గంపలో పెద్దమ్మ కోడి గుడ్లు పొదుగుతూ కూర్చుని ఉంది. “లేపితే గుడ్లు పాడైతయ్” అని దాన్నీ బయల్దేరదీసింది. గంప సరిగ్గా నా చెవి పక్కన. నేను “ఉండనీకి జాగా...” అని అరవగానే అది పొడిచేది. “...అబ్బా!” అనేవాణ్ణి. వెనకవాళ్లు క్రమశిక్షణ గలవాళ్లు. “అబ్బా!” అని అందరూ అందుకునేవాళ్లు. హోటల్ దగ్గర ఎవరో, “అరే, గుడిసె మాట్లాడుతున్నదిరో!” అనడం విన్నాను. (మాట్లాడేది గుడిసె కాదు, నాయకుడని ఎలా చెప్పడం?)

మండలాఫీసు ముందర దించాం. అక్కడంతా గచ్చు. నిట్టాడి పాతడానికి గుంత తవ్వే వీల్లేదు. నేను వదిలితే కప్పు కూలుతుంది. ఎమ్మార్వో గారి గొంతు వినిపించింది.

“మీ లీడర్ ఎవరు?”

“లోపట ఉన్నడు సార్.”

“బయటికి రమ్మను.”

“వస్తే ఇల్లు పడతది సార్.”

కాసేపటికి చూరు కింద నుంచి నల్లబూట్లు, వాటి వెనకాల వంగిన మనిషి లోపలికి వచ్చారు. “నెత్తి భద్రం సారూ” అంటూ పెద్దమ్మ చాప పరిచింది. కప్పు కిందికి అడుగుపెట్టినవాడు ఎవరైనా మాకు చుట్టమే. చెంబుతో నీళ్లిస్తే ఆయన మొహమాటంగా తాగారు. ఇదే సమయమని నేను గొంతు సవరించుకున్నాను.

“అయ్యా! మానవజాతి చరిత్రను పరిశీలించినచో... అబ్బా!”

“ఏమైంది?”

“కోడి సార్.”

ఆయన నవ్వాపుకుని గొంతు గట్టి చేశారు. “చూడండి, ఆఫీసు ఆవరణలో ఇల్లు పెట్టకూడదు. సాయంత్రానికల్లా తీసెయ్యాలి.”

“అవ్ సారూ, తీస్తం,” అంది పెద్దమ్మ వెంటనే. “ఇప్పుడే ఎత్తుతం. ఎక్కడ దించాల్నో చెప్పు.”

ఆమె వాదించలేదు. దారి అడిగినట్టు అడిగింది, అంతే. చూరు బయట మావాళ్లు నిజంగానే గుంజల మీద చేతులేసి, ఎటు తిరగాలని ఒకర్నొకరు అడుగుతున్నారు. నడవలేక ఎడ్లబండిలో వచ్చిన కోడలు వాళ్ల వెనకాలే కూర్చుని ఉంది. ఆయన అటు చూశారు, ఇటు చూశారు, చేతిలోని చెంబును చూశారు. చివరికి వంగి బయటికి వెళ్లి, ఎవరినో పిలిచి, “సంత వెనకాల సర్కారు జాగా ఉంది కదా, వీళ్లకు చూపించు. ముందు దించుకోనీ” అన్నారు.

పట్టాల కోసం ఆ తర్వాత ఎన్నోసార్లు నడవాల్సి వచ్చింది, నిజమే. నేనూ నడిచాను, గుడిసె బయటే. కానీ ఆ సాయంత్రం మాత్రం కప్పు అక్కడ దిగింది. గుంత తవ్వి, నిట్టాడి నిలబెట్టి, మట్టి తొక్కాక, “ఇగ ఇడువురా లైబ్రరీ” అన్నారెవరో. నేను వదిలినా నా చేతులు చాలాసేపు కిందికి దిగలేదు. ఆ కప్పు కిందే కోడలు ప్రసవించింది, కోడి పిల్లల్ని లేపింది. నా ఉపన్యాసం మాత్రం ఇవాళ్టికీ లోకానికి అందలేదు.

ఈమధ్య ఖానాపురం హవేలిలో మా ఇంటికి స్లాబు పోశారు. నేనూ కింద తిరుగుతూ, స్లాబుకు ఊతంగా పెట్టిన జామాయిల్ కర్రల మధ్య నిలబడి పైకి చూస్తున్నాను. కాసేపటికి మేస్త్రీ దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు: “సార్, ఆ కర్ర మీరు పట్టుకోనక్కర్లేదు. అదే నిలబడుతది.”

చూసుకుంటే రెండు చేతులతో గట్టిగా పట్టుకునే ఉన్నాను. చెవి కూడా కొంచెం పక్కకు వంచి.