చేతులు వంగే బొమ్మ

మనవరాలు కీళ్ల బొమ్మలు సేకరిస్తుంది. నిన్న ఫోనులో రెండు చూపి, ముఖం అందంగా ఉన్నది కొనాలా, చేతులు వంగేది కొనాలా అని అడిగింది.

నాకు ఏడేళ్లప్పుడు మా నాయన అమ్మను కట్టెతో కొట్టాడు. ముఖానికి అడ్డం పెట్టిన ఆమె చెయ్యి విరిగింది. మూడో రోజు నన్ను ప్రొద్దుటూరులో బొమ్మల అంగడికి తీసుకెళ్లాడు.

"ఈ పెద్దకండ్లది తీసుకో పాపా, శానా బాగుండాది."

నేను ఆరు కీళ్ల చెక్కబొమ్మ పట్టుకున్నాను.

"ఆ వికారంది యాలనే?"

"కొడితే ఇది చేతులు అడ్డం పెట్టుకుంటాది నాయనా."

అంగడాయన తలెత్తి చూశాడు. నాయన నా చెంప మీద కొట్టిన దెబ్బకు పెదవి చిట్లి, బొమ్మ మీద రక్తం పడింది. అందమైనదాన్ని కాదన్నందుకే కొట్టాడనుకుని, ఆ పెద్దకళ్లదే ఇప్పించమని బతిమాలుకున్నాను.

అంగడాయన విన్నాడన్న సిగ్గుతో కొట్టాడని నాకు అర్థమయ్యేసరికి, నాయన పోయి పదకొండేళ్లయింది.