తప్పులు ముందు, మెప్పు తరవాత

లాజరు మాస్టారు బాగుందన్నారంటే మా రామచంద్రపురంలో ఆ సినిమా ఫస్ట్ షోకి టికెట్లు దొరికేవి కావు. బాగాలేదన్నారంటే ఆయన్ని తిట్టుకుంటూనే ఇంటిదారి పట్టేవాళ్లం. బళ్లో తెలుగు చెప్పి రిటైరయ్యారు. రిలీజు రోజున మార్నింగ్ షో చూసి, హాలు ఎదుట టీ బడ్డీ దగ్గర నిలబడి తీర్పు చెప్పడం ఆయనకి అలవాటు. నా మందుల షాపు ఆ పక్కనే కాబట్టి నేను ఒక్క తీర్పూ వదల్లేదు.

ఆయన చెప్పే పద్ధతి ఒకటుంది. ముందు తప్పులు, ఆఖర్న మెచ్చుకోలు. పిల్లల వ్యాసాలు దిద్దినప్పుడూ అంతే. "పిల్లలు ఇంటికి మెప్పు పట్టుకెళ్లాలండి, చివాట్లు కాదు" అనేవారు. మాకది తెలుసు. అందుకే ఆయన ఎంత చీల్చి చెండాడినా, చివరిమాట వినకుండా కదిలేవాళ్లం కాదు.

ఇప్పుడా ఓపిక ఎవడికుంది? ఇంటర్వెల్‌కే ఫోన్లలో రేటింగులు వచ్చేస్తాయి. హాల్లోకి అడుగు పెట్టనివాడు కూడా పబ్లిక్ టాక్ చెప్పేస్తాడు. హీరో మనవాడైతే కళాఖండం, కాకపోతే చెత్త. విమర్శ అనే మంచి పనిని కోడిపందెం చేసి పారేశారు.

మొన్న వేసవిలో సారిక సినిమా వచ్చింది. సారికది ద్రాక్షారామం, చిన్నప్పుడు మాస్టారి దగ్గరే చదువుకుంది. ఏళ్ల తరబడి వాళ్లకీ వీళ్లకీ అసిస్టెంటుగా చేసి, పేరున్న నటులెవరూ లేకుండా, మన పొలాల్లో తీసిన మొదటి సినిమా. ఆదివారం దాకా జనం రాకపోతే హాళ్లలోంచి తీసేస్తారు. ఆ భయంతోనే మాస్టారికి ఫోన్ చేసి, "మీరు తప్పకుండా రావాలండి" అంది.

ఆయన చర్చికి వేసుకునే తెల్ల చొక్కా వేసుకుని వచ్చారు. ఆట అయ్యాక బయట ఓ ఛానెల్ అతను మైకు పెట్టాడు. మాస్టారు టీ బడ్డీ దగ్గర చెప్పినట్టే మొదలుపెట్టారు. "తీసింది నా శిష్యురాలేనండి. సెకండాఫ్ సాగదీసింది. తల్లి పోయాక కథ నడవలేదు. నాకు కునుకు పట్టింది." ఆ తరవాత చాలాసేపు మాట్లాడారు. నాట్లు వేస్తూ ఆడవాళ్లు కబుర్లాడుకునే సీను అంత నిజంగా తీసినవాళ్లని తను చూడలేదనీ, ఈ పిల్ల చాలా దూరం వెళ్తుందనీ చెప్పారు. నేను పక్కనే ఉన్నాను.

సాయంత్రానికి ఫోన్లలో తిరిగిన వీడియోలో ఉన్నది కునుకు దాకానే. "సొంత గురువే నిద్రపోయాడు" అని పేరు పెట్టారు.

మాస్టారు ఆ ఛానెల్ అతనికి ఫోన్ చేసి బతిమాలారు. "పొడుగు వీడియోలు ఎవరూ చూడరండి" అన్నాడతను. మిగిలిన మాటలు మనవరాలు దీవెన చేత రికార్డు చేయించి నెట్లో పెట్టించారు. "ఎంత ముట్టింది తాతా?" అని కింద కామెంట్లు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన మాత్రం కూర్చుని అన్నీ చదివారు.

సోమవారం మ్యాట్నీకి ఇద్దరం వెళ్లాం. గేటు దగ్గర టికెట్లు చింపే చిట్టియ్య, "మీరిద్దరే అయితే ఆట వెయ్యరండి. రేపట్నించి వేరే సినిమా" అన్నాడు. సారిక అక్కడే మెట్ల మీద కూర్చుని ఉంది. మాస్టారిని చూసి లేచి నిలబడింది.

"నీకు తెలుసు కదమ్మా, నేను చివర్లో..." అన్నారాయన.

"నాకు తెలుసండి, మీ దగ్గర చదువుకున్నాను కాబట్టి. వాళ్లకెలా తెలుస్తుందండి?"

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే ఆయన భరించేవారేమో. ఆ నాట్ల సీను సంగతి ఎత్తబోయారు. ఆమె చేత్తో ఆపింది.

"ఇప్పుడొద్దండి మాస్టారూ. ఇప్పుడు వింటే ఏడుపొచ్చేస్తుంది. ప్రొడ్యూసర్ గారు ఫోన్ కూడా ఎత్తట్లేదు" అని, కాకినాడ బస్సెక్కి వెళ్లిపోయింది.

మాస్టారు ఇప్పటికీ రిలీజు రోజున టీ బడ్డీ దగ్గరికి వస్తారు. ఎలా ఉందండీ అని అడిగితే "బాగుందండి" అంటారు. ఏ సినిమాకైనా అదే మాట. మొన్నొకటి అసలు చూడకుండానే బాగుందన్నారు.