ఎరగనివాళ్ళకు షాపు చూపించిన మాస్టారు

బెంచీ మీద మోటారు విప్పి కూర్చున్న వేళ బందరు నుంచి ఫోనొచ్చింది. "అక్కా, నాన్న లేరు. రేపు మధ్యాహ్నం సమాధి" అంది మాస్టారి అమ్మాయి. ఏమనాలో తోచక "టిఫిన్ చేశారా?" అని అడిగాను. ఎంత పిచ్చి ప్రశ్నో చూడండి. ఆ పిల్ల మాత్రం ఓపిగ్గా, "చేశారక్కా. ఇడ్లీ తిని, పేపరు చదువుతూ కుర్చీలోనే..." అని ఆగిపోయింది. ఫోను పెట్టేశాక మా ఆయన వైపు తిరిగి ఏడ్చేశాను.

పోయినాయన నాకు టైపు మాస్టారు. బందర్లో ఆయన దగ్గర లోయరు పరీక్ష పాసయ్యాను. ఆ టైపు నాకు ఎందుకూ పనికి రాలేదు. పెళ్ళయి నాగాయలంక వచ్చి, మా ఆయన పక్కన కూర్చుని మోటార్లకు రాగి తీగ చుట్టడం నేర్చుకున్నాను. మాస్టారికీ టైపు తిండి పెట్టడం మానేసింది. ఆయన ఇన్‌స్టిట్యూట్ మూయలేదు. అవే బల్లల మీద కంప్యూటర్లు పెట్టి, అరవై దాటాక వెబ్‌సైట్లు కట్టడం నేర్చుకుని, గుడ్డసంచీ భుజాన వేసుకుని షాపు షాపుకీ తిరిగేవారు. బందర్లో హల్వా కొట్టు, గిల్టు నగల కార్ఖానా, గుడివాడలో బియ్యం మిల్లు, ఇలా ఒకదానికొకటి సంబంధం లేని వ్యాపారాలు. "మమ్మల్ని ఎరగనివాడెవడండీ ఈ ఊళ్ళో?" అని అందరూ ఒకే మాట అనేవారట. "ఎరిగినవాళ్ళకి బోర్డే అక్కర్లేదు కదండీ. ఎరగనివాళ్ళ సంగతి చూడండి" అనేవారట ఈయన.

మా ఆయనకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయినప్పుడు మాస్టారు చూడటానికి వచ్చారు. అప్పటికి మా షాపు పరిస్థితి ఘోరంగా ఉంది. షాపాయన పడిపోయాడు, షాపు మూసేశారు అని ఎవరు పుట్టించారో గానీ దివిసీమంతా పాకిపోయింది. షటరు తీసే ఉంటుంది, నేను లోపలే ఉంటాను, రొయ్యల చెరువుల వాళ్ళు మా గుమ్మం ముందు నుంచే మోటార్లు వేసుకుని అవనిగడ్డ వెళ్ళిపోయేవారు. ఇంకో రెండు నెలలు ఇలాగే సాగితే నిజంగానే మూసేయాల్సిందే.

అంతా విని మాస్టారు, "నీ షాపు గురించి నువ్వు చెప్పకపోతే ఊళ్ళోవాళ్ళు చెప్తారమ్మా. చెప్పేశారు కూడా. వెబ్‌సైటు పెడదాం" అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. "మాస్టారూ, చెరువు గట్టు మీద మోటారు కాలిపోయి నెత్తీనోరూ కొట్టుకునేవాడు నెట్లో వెతుకుతాడాండీ?"

"మరెక్కడ వెతుకుతాడు? గట్టు మీద వాడి చేతిలో ఉండేది ఫోనే కదా!"

అయినా ఊరుకోలేదు. వాట్సాప్‌లో స్టేటస్ పెడతాను చాలు అన్నాను. "రేపటికి అది ఉండదు. పైగా నీ నంబరున్నవాడికే కనపడుద్ది. నీ నంబరే ఉంటే వాడు అవనిగడ్డ ఎందుకెళ్తాడమ్మా?" అన్నారు.

మర్నాడు పొద్దున్నే మళ్ళీ దిగారు. ఇక రాసేస్తారనుకుంటే, గుమ్మం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నారు. వచ్చేపోయేవాళ్ళని చూడటం, మా ఫ్లాస్కులో టీ తాగడం, అంతే పని. ఉండబట్టలేక "ఏం చేస్తున్నారు మాస్టారూ?" అంటే "చదువుతున్నానమ్మా" అన్నారు. మధ్యాహ్నం ఒక పాత ఖాతాదారు కాలిపోయిన ఏరేటరు మోటారు తెచ్చాడు. ఏరేటరంటే చెరువులో నీళ్ళు చిమ్మి రొయ్యలకు గాలి అందించే చక్రం. అది ఆగితే తెల్లారేసరికి రొయ్య చచ్చి తేలిపోతుంది. "ఇది రేపిస్తాను, ఈ పూటకి మాది బిగించుకోండి" అని మా స్పేరు మోటారు ఇచ్చి పంపించాను.

మాస్టారు స్టూలు మీంచి లేచారు. "ఈ సంగతి ఎందుకు చెప్పలేదు?"

"ఇందులో చెప్పడానికేముందండీ? ఎప్పుడూ ఇస్తూనే ఉంటాం."

"అదమ్మా మీ అందరి జబ్బు! హల్వా ఆయనా అంతే. ఎన్నాళ్ళు నిలవుంటుందో చెప్పడు. నగలాయన మెరుగు పోతే మళ్ళీ పెట్టిస్తాడు, ఆ ముక్క బయటికి రాదు. మిల్లాయన నాలుగు బస్తాలైనా ఆడిస్తాడు, చిన్న రైతుకి ఎలా తెలుస్తుంది? మీకు మామూలైపోయిందే వచ్చేవాడికి ప్రాణం."

స్పేరు మోటారు సంగతే పేజీలో మొట్టమొదట పెట్టారు. తర్వాత దారి, వేళలు, ఫోను నంబరు. ఆపైన పేరు దగ్గర పేచీ వచ్చింది. నేను మా ఆయన పేరు పెట్టమన్నాను. ఆడమనిషి వైండింగ్ చేస్తుందంటే ఉన్న నలుగురూ జారిపోతారని నా భయం. మాస్టారు నాతో వాదించలేదు. మంచం దగ్గరకెళ్ళి మా ఆయన్నే అడిగారు. అప్పటికి మాట ఇంకా ముద్దగానే వస్తోంది మా ఆయనకి. "చేసేది... అదే. దాని పేరే... పెట్టండి" అన్నాడు. కళ్ళు తుడుచుకుంటూనే ఫొటోకి కూర్చున్నాను. ఇప్పటికీ అందులో నా కళ్ళు ఎర్రగానే కనపడతాయి.

పేజీ పెట్టిన వారానికి కోడూరు వైపు నుంచి ఫోను. "మీరే చేస్తారాండీ?" అన్నాడు. "నేనేనండి" అన్నాను. "ఎంతసేపట్లో అవుద్దండీ?" అన్నాడు. అంతే! ఇన్నాళ్ళు నేను భయపడి చచ్చిన ప్రశ్న అతను అడగనే లేదు. మాస్టారికి చెబితే పకపకా నవ్వారు.

ఆ తర్వాతా వదల్లేదు. గొంతు మార్చి ఫోను చేసేవారు: "మాది బంటుమిల్లండీ, మోటారు పోయిందండీ." నేను ఎలా మాట్లాడతానో పరీక్ష! మధ్యలో వచ్చే ఆయన దగ్గు పట్టించేది. "అంత దూరం నుంచి ఎందుకు లెండి, బందర్లో ఒక ముసలాయన ఉన్నారు, ఆయన్నడగండి" అనేదాన్ని. ఠక్కున పెట్టేసేవారు.

పాస్‌వర్డు మాత్రం ఎంత బతిమాలినా తన దగ్గర ఉంచుకోలేదు. మీరే మార్చిపెట్టండి మాస్టారూ అంటే, "నీ షటరు తాళం నేను బందర్లో పెట్టుకుంటే ఊరుకుంటావా?" అనేవారు. పక్కన కూర్చోబెట్టి, టైపు నేర్పినప్పటిలాగే వేళ్ళ మీద కొట్టినంత పనిచేసి, అంతా నా చేతే చేయించారు. రాజమండ్రి దాకా పేరున్నవాళ్ళు కూడా సైటు కట్టినవాడు ఫోనెత్తక నెలల తరబడి పాత నంబరుతో తంటాలు పడటం తర్వాత చూశాను. అప్పుడు అర్థమైంది ఆయన ఎంత మేలు చేశారో.

సమాధి రోజు బస్సెక్కే ముందు, ఇప్పుడు లేచి తిరుగుతున్న మా ఆయనకి చెప్పి, నా చేత్తో నేనే పేజీలో రాశాను: "ఈ రోజు షాపు లేదు. ఈ పేజీ కట్టిన మా మాస్టారు పోయారు. స్పేరు మోటారు కావాలంటే మా ఆయన ఇస్తారు."

బందర్లో చర్చి వెనక సమాధుల దొడ్డి జనంతో నిండిపోయింది. పాస్టరుగారి ప్రార్థన అయ్యాక ముక్కూమొహం తెలియని ఒకాయన నా దగ్గరికొచ్చి, "మోటార్లమ్మగారు కదండీ? మాస్టారు మీ పేజీ చూపించేవారు. నాది హల్వా కొట్టు" అన్నాడు. పక్కనే మిల్లాయన, నగలాయన. అందరూ తమ తమ పేజీల్లో ఈ రోజు సెలవని పెట్టే వచ్చారు. ఎవరూ ఎవరితోనూ అనుకోలేదు. పిడికెడేసి మట్టి వేసి, ఎవరి దారిన వాళ్ళం బయలుదేరాం.

తిరుగు బస్సు మోపిదేవి దాటుతుండగా కొత్త నంబరు నుంచి ఫోను.

"మోటారు పోయిందని మీ పేజీ చూశానండీ. ఎవరో మాస్టారు పోయారంటగా. రేపు తెస్తాలెండి, ఇంకో ఏరేటరు తిరుగుతానే ఉంది." పెట్టేయబోయి ఆగాడు. "ఏమనుకోకండి గానీ, ఎవరండీ ఆయన?"

బస్సులో జనం చూస్తున్నా పట్టించుకోకుండా మొదటి నుంచీ చెప్పుకొచ్చాను. అతను ఊఁ కొడుతూ విన్నాడు. నేను చెబుతున్నంతసేపూ అతని వెనక చెరువులో ఏరేటరు నీళ్ళు చిమ్ముతున్న చప్పుడు వినపడుతూనే ఉంది.