నూనె కరిగితేనే కొండ

పొద్దున తలకు రాసుకుందామని కొబ్బరినూనె సీసా తీశాను. లోపల అంతా తెల్లగా గడ్డకట్టి ఉంది. బోర్లించి తట్టినా చుక్క రాలలేదు. చీపురుపుల్లతో గీకితే కాస్త ముద్ద వేలికొన మీద పడింది, గానుగనూనె వాసన గుప్పుమంది. మా కోనసీమలో చలి ముదిరిందని ఇంటింటికీ చెప్పేది ఈ సీసాయే. అందరూ దాన్ని ఎండలో పెట్టి తమ పని తాము చూసుకుంటారు. నాకు మాత్రం ఆ తెల్లటి ముద్దను చూడగానే ముందు ఒళ్ళు మండుతుంది. ఆ వెనకే దేవదానం మాస్టారు గుర్తొస్తారు.

ఆయన మామిడికుదురు దగ్గర మా హైస్కూల్లో ఆటల మాస్టారు. తాతగారు కూలిపని చేశారట, నాన్నగారు బడిపంతులు. ఈయనకు మాత్రం వయసులో ఉండగా ఏదో శిక్షణకు వెళ్ళి కొండరాళ్ళు ఎక్కడం నేర్చుకున్నప్పటి నుంచీ ఆ పిచ్చి పట్టుకుంది. పిచ్చి అని ఊరికే అనడం లేదు. మా వైపు ఎటు చూసినా ఇసుక, ఒండ్రు, కాలవలు, కొబ్బరితోటలు. రుబ్బురోలు తప్ప చెప్పుకోదగ్గ రాయి లేని చోట ఆయన పిల్లలకు కొండలెక్కడం నేర్పుతానన్నారు. బడి వెనకగోడకు కొబ్బరిమొద్దు ముక్కలు బిగించి, వాటిని పట్టుకుని మమ్మల్ని పైకి పాకించేవారు. తొమ్మిదో తరగతి పిల్లల్ని కూడా అండీ అని పిలిచే మనిషి. "గోడ మీద నేర్చుకోండమ్మా. కొండ ఎక్కడికీ పోదండీ" అనేవారు.

కొండ ఎక్కడికీ పోలేదు నిజమే, మేమే దాని దాకా పోలేకపోయాం. ఎండాకాలం వెళదామంటే రాయి కాలుతుందని వద్దనేవారు. వానాకాలం జారుతుందని వద్దనేవారు. మిగిలింది చలికాలం. చలికాలంలో ఈ నూనె.

మొదటిసారి వెళ్ళింది నాకు బాగా గుర్తు. తెల్లవారకముందే వ్యానులో మా పక్కనున్న గన్నవరం మీదుగా గోదావరి దాటి, మన్యం కొండల అంచుకు చేరుకున్నాం. అక్కడ ఏనుగుబండ అని ఒక పెద్ద రాయి, నిజంగానే పడుకున్న ఏనుగులా ఉంటుంది. దాని వీపు మీదకు ఎక్కాలని నాకు గోడ మీద పాకిన రోజు నుంచీ ఒకటే యావ. మేము తాళ్ళు విప్పుతుంటే మాస్టారు సంచిలోంచి కొబ్బరినూనె సీసా, ఒక బూడిద డబ్బా తీశారు. అందరినీ బండ మీద అరచేతులు ఆనించి నిలబడమన్నారు. కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలెట్టారు. అదేమీ చిన్న ప్రార్థన కాదు. మా క్షేమం, మా తల్లిదండ్రుల క్షేమం, వ్యాను డ్రైవరు క్షేమం అన్నీ అయ్యేసరికి చేతులు కొయ్యబారిపోయాయి. అప్పుడు ఒక్కొక్కరి వేలికొనల మీద గడ్డకట్టిన నూనె కొంచెం కొంచెం పెట్టారు. ఆయన తన మూడు వేళ్ళు ఒక్కొక్కటే మడిచి తెరిచేలోగా కరిగితే సరే. కరగకపోతే వేళ్ళు మొద్దుబారినట్టే, ఆ చేతికి ఆ రోజు రాయి లేదు. పైగా ఒక్కరిది కరగకపోయినా ఎవరూ ఎక్కకూడదు.

నాది కరిగింది. అందరివీ కరిగాయి, సత్యవతిది తప్ప. సత్యవతి వాళ్ళది సముద్రం మీద వేటకెళ్ళే కుటుంబం. ఆ పిల్ల చేతులు నడివేసవిలో కూడా చల్లగానే ఉండేవి.

"చేతులకి నూనె రాసుకుని కొండెక్కేవాళ్ళని ఎక్కడైనా చూసేరాండీ?" అన్నాను ఉక్రోషంగా.

"లేదమ్మా. అందుకే బూడిద తెచ్చేను, రుద్దుకుంటే పోద్ది."

"పోనీ సత్యవతి కూర్చుంటుందండీ. మేం ఎక్కుతాం."

"మీరు పైకెళ్తే ఆ పిల్ల కింద ఒక్కర్తీ కూర్చుంటదా? పొద్దుటేళ కూర్చుంటది. మధ్యాన్నానికి తనూ ఎక్కుతానంటది. నేను కాదనలేను. వద్దండీ."

ఎండ వచ్చేదాకా ఆగుదామంటే ఏనుగుబండ ముఖం పడమటికి ఉంది. అక్కడికి ఎండ చేరేసరికి వ్యాను డ్రైవరు హారను కొట్టడం మొదలుపెడతాడు. తెచ్చుకున్న పులిహోర తిని తిరిగొచ్చేశాం. దారంతా నేను సత్యవతితో మాట్లాడలేదు. ఆ పిల్ల తన చేతులు చంకల్లో దాచుకుని కూర్చుంది.

మరుసటి చలికాలం చుట్టుపక్కల చిన్న రాళ్ళు ఎక్కనిచ్చారు గానీ ఏనుగుబండ దగ్గర మళ్ళీ సీసా తీశారు, మళ్ళీ ఎవరిదో కరగలేదు. మాస్టారితో వాదించడం అంటే తల ప్రాణం తోకకు వచ్చేది. గొంతు పెంచరు, కోప్పడరు. మనం ఎంత చెప్పినా "ఆయ్" అంటారు, చివరికి తాళ్ళు చుట్టేస్తారు. మా అమ్మ అయితే వీధిలో అందరికీ చెప్పి నవ్వేది. "నూనె గడ్డకట్టిందని వెనక్కొచ్చేరంటండీ! ఇంట్లో కూడా గడ్డకట్టింది కదా, ఇక్కడే చూసుకుంటే వ్యాను కిరాయి మిగిలేది."

పదో తరగతికి వచ్చాక అమ్మ తేల్చి చెప్పేసింది. ఈ ఏడాదితో సరి, కాలేజీలో చేరాక ఈ కోతివేషాలు కుదరవని. అదే ఏడాది మాస్టారు రిటైరవుతున్నారు. అంటే ఆ చలికాలమే ఆఖరు, నాకూ ఆయనకూ కూడా. ఆయన నన్ను పిలిచి, "ఈసారి అందరికన్నా ముందు నువ్వే ఎక్కుతావమ్మా" అన్నారు. నెల రోజులు నేను నేల మీద నడవలేదు. వెనకగోడ మీదే ఉన్నాను.

వెళ్ళిన రోజు పొగమంచు దట్టంగా ఉంది. బండ మీద చేతులు ఆనించాం. ప్రార్థన ఎప్పటిలాగే సాగింది. నూనె పెట్టారు. నాది కరిగింది. ఒక్కొక్కరిదీ కరుగుతూ వచ్చి సత్యవతి వంతు వచ్చింది. అందరం దాని వేళ్ళ మీదకు వంగిపోయాం. ఆ తెల్లటి ముద్ద అంచులు మెత్తబడి, నీళ్ళలా మారి, వేలి మీదుగా జారింది. సత్యవతి కేక పెట్టింది. నేను దాన్ని వాటేసుకుని గిరగిరా తిప్పాను. బూడిద రుద్దుకుని, తాడు నడుముకు బిగించుకుని, బండ మొదట్లో నిలబడి మాస్టారి వైపు చూశాను.

ఆయన తన చెయ్యి చూసుకుంటున్నారు. తన వేలికొనల మీద కూడా నూనె పెట్టుకున్నారని అప్పుడు తెలిసింది. అది పెట్టింది పెట్టినట్టే తెల్లగా ఉంది.

పంట్లాముకు తుడుచుకుంటే సరిపోయేది. ఇంకెవరూ చూడలేదు, నేను చూసినా నోరెత్తేదాన్ని కాదు. ఆయన చెయ్యి పైకెత్తి అందరికీ చూపించారు.

"నాది కరగలేదండీ. పదండి, తాళ్ళు చుట్టేద్దాం."

నాకు ఏడుపు, కోపం ఒక్కసారే ముంచుకొచ్చాయి. "ఎక్కేది మేమండీ! మీరు కింద నిలబడి తాడు పట్టుకోడమే కదండీ!"

"ఆయ్. అందుకేనమ్మా." ఆయన నా నడుముకున్న ముడి విప్పబోయారు. వేళ్ళు వంగలేదు. రెండోసారి కూడా జారాయి. చివరికి సత్యవతి వచ్చి విప్పుతుంటే ఆయన అన్నారు, "నువ్వు జారితే నిన్నాపేది నీ చెయ్యి కాదు, నాది. షుగరొచ్చిన కాణ్ణుంచీ ఈ వేళ్ళు సరిగ్గా మాట వినడం లేదు. ఈయేళ వింటాయేమో అనుకున్నానండీ."

ఆ ఆఖరి మాట నేను అప్పుడు వినిపించుకోలేదు. ఆయనకూ అది ఆఖరు రోజేనని, ఆయనకూ ఎంతో ఆశ ఉండి ఉంటుందని నాకు తట్టనే లేదు. గన్నవరం వచ్చేదాకా ముఖం కిటికీ వైపు తిప్పుకునే కూర్చున్నాను. పులిహోర ముట్టలేదు.

అమ్మ కాదన్నా నేను ఆటల వైపే వెళ్ళాను. అమలాపురంలో ఒక బడిలో ఉద్యోగం వచ్చాక, ఒక శిక్షణ బృందంతో కలిసి ఏనుగుబండ ఎక్కాను కూడా. పెద్ద కష్టం అనిపించలేదు. పైన కాసిని ఎండిన గడ్డిమొక్కలు, ఎవరో పారేసిన నీళ్ళ సీసా. ఇన్నేళ్ళ కోరిక తీరిందని గర్వంగా కిందికి చూశాను. నా తాడు పట్టుకున్న పెద్దమనిషి ఒక చేత్తో ఫోను చెవికి ఆనించుకుని, ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. దిగేటప్పుడు ప్రతి పట్టునూ రెండేసిసార్లు చూసుకుంటూ, మాస్టార్ని తలుచుకుంటూ దిగాను.

ఆ వారమే రాజోలులో ఆయన ఇంటికి వెళ్ళాను. అప్పటికే చూపు మందగించింది. ఏనుగుబండ ఎక్కేశానండీ అని చెప్పాను. ఎలా ఉందని అడగలేదు, పైనుంచి ఏం కనిపించిందని అడగలేదు.

"తాడెవరు పట్టుకున్నారమ్మా?" అన్నారు.

ఫోను సంగతి చెప్పాను. ఆయనకు కోపం రావడం నా జీవితంలో అదొక్కసారే చూశాను. నా చెయ్యి గట్టిగా పట్టుకుని వదల్లేదు. ఆయన వేళ్ళు చల్లగా ఉన్నాయి. ఆ తర్వాత ఒక ఏడాది కూడా ఉండలేదు.

ఇప్పుడు మా బడి పిల్లల్ని ప్రతి చలికాలం నేనే తీసుకెళతాను. వాళ్ళు నన్ను చూసి నవ్వుకుంటారని తెలుసు. ఫోనులో డిగ్రీలు కనపడుతుంటే ఈ నూనె ఏమిటి మేడమ్ అంటారు. గాలి ఎంత చల్లగా ఉందో ఫోను చెబుతుంది, నా వేళ్ళ సంగతి దానికేం తెలుసు! కిందటి ఏడాది అందరివీ కరిగాయి, నాది కరగలేదు. తాళ్ళు చుట్టించేశాను. ముందు ఎక్కాల్సిన అమ్మాయి గన్నవరం దాకా ముఖం కిటికీ వైపు తిప్పుకునే కూర్చుంది. బుజ్జగించబోయి ఊరుకున్నాను. నా కోపం తగ్గడానికి ఎన్నేళ్ళు పట్టిందో నాకు తెలుసు. దాని కోపాన్నీ దానికే వదిలేశాను.

ఈ ఆదివారం మళ్ళీ వెళుతున్నాం. ఆ అమ్మాయే ముందు ఎక్కుతుంది. ఇంట్లోవాళ్ళు సీసాను ఎండలో పెడతామంటే వద్దని, గడ్డకట్టినదాన్ని అలాగే సంచిలో పెట్టుకున్నాను. బండ దగ్గర ముందుగా నా వేళ్ళ మీదే పెట్టుకుంటాను.